ఓడ సరుకు మీద బతికే దీవులు

ప్రపంచంలో ఊబకాయం ఎక్కువగా ఉన్న దేశాల జాబితా ఎప్పుడు వచ్చినా పై వరసలో అవే పేర్లు కనిపిస్తాయి. నౌరు, టోంగా, సమోవా, కుక్ దీవులు, తువాలు, మార్షల్ దీవులు. అన్నీ పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న చిన్న దీవులే. వీటిలో చాలాచోట్ల పెద్దవాళ్లలో సగం మందికి పైగా ఊబకాయం ఉంది. షుగరు, బీపీ, కిడ్నీ జబ్బులు ఇంటింటి వ్యవహారం అయిపోయాయి. ఈ జాబితా మీద వార్త రాసేవాళ్లు సాధారణంగా రెండు మాటలు చేరుస్తారు. అక్కడ లావుగా ఉండటం గౌరవమట. పైగా వాళ్ల జన్యువులే అలాంటివట.

ఆ రెండు మాటల్లోనూ కొంత నిజం లేకపోలేదు. కానీ నూరేళ్ల కిందట కూడా అక్కడ ఉన్నది అదే జనం, అవే జన్యువులు, పెద్ద శరీరం మీద అదే గౌరవం. ఇన్ని జబ్బులు మాత్రం అప్పుడు లేవు. ఈ మధ్యలో మారిందల్లా తిండి, దాంతోపాటు ఒంటి పని. ఆ తిండి మారడం కూడా జనం కోరి తెచ్చుకున్నది కాదు. దీవిలో భూమి ఎవరి చేతికి పోయింది, రేవుకు ఏ ఓడ వచ్చింది, అందులోని సరుకు మీద సుంకం ఎంత వేయాలో ఎవరు నిర్ణయించారు అన్న విషయాలే కంచంలో ఏముండాలో తేల్చాయి.

పాత తిండి ఏమిటంటే చేమ, పెండలం, సీమపనస, అరటి, కొబ్బరి, మొగలి పండ్లు, చేప. పండగకో చావుకో పంది మాంసం. గోదావరి జిల్లాల వాళ్లకు చేమ, పెండలం కొత్తేమీ కాదు. కాకపోతే మనకు అవి కూర, అక్కడ అవే అన్నం. సీమపనస కాయలు ఏడాదంతా కాయవు కాబట్టి, కాపు దండిగా ఉన్నప్పుడు కోసి, గొయ్యిలో ఆకులు పరిచి, కాయల్ని అందులో పూడ్చి పులియబెట్టేవాళ్లు. ఆ ముద్ద నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి నిలవ ఉండేది. తుఫాను వచ్చి చెట్లు పడిపోయిన ఏడు ఆ గొయ్యే ఊరిని కాపాడేది. అదేదో లోటు లేని స్వర్గం అనుకోనక్కర్లేదు. వాన పడక, తుఫాను తగిలి ఆకలితో అల్లాడిన కాలాలు ఆ దీవుల చరిత్రలో చాలా ఉన్నాయి. అయితే మామూలు రోజుల్లో ఆ తిండి ఒంటికి సరిపోయేదా అంటే సరిపోయేదనే చెప్పాలి.

దానికి రుజువు పాపువా న్యూ గినీకి చెందిన కితావా అనే చిన్న దీవిలో దొరికింది. స్వీడన్ వైద్యుడు స్టాఫన్ లిండెబెర్గ్ 1989 నుంచి అక్కడి జనాన్ని పరీక్షించాడు. అప్పటికి ఆ దీవిలో బయటి తిండి దాదాపు లేదు. దుంపలు, పండ్లు, చేప, కొబ్బరే ఆహారం. శక్తిలో సుమారు 70 శాతం పిండిపదార్థాల నుంచే వచ్చేది. పెద్దవాళ్లలో ఎక్కువ మంది పొగ తాగేవాళ్లు కూడా. అయినా పక్షవాతం, గుండెపోటు జాడ ఆయనకు కనిపించలేదు. లావుపాటి మనిషి కనిపించడమే అరుదు. దీన్నిబట్టి పొగ మంచిదని కాదు, దుంపలు తింటే ఒళ్లు వస్తుందన్న మాట అంత తేలిగ్గా నిలబడదని అర్థం.

న్యూజిలాండ్ పాలన కింద ఉన్న టోకెలావు దీవుల ప్రజల కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1966లో పెద్ద తుఫాను వచ్చాక ఆ పగడపు దిబ్బల నుంచి చాలామందిని న్యూజిలాండ్‌కు తరలించారు. వెళ్లినవాళ్లనూ, ఉండిపోయినవాళ్లనూ పరిశోధకులు ఏళ్ల తరబడి పోల్చి చూశారు. ఉండిపోయినవాళ్ల తిండిలో సగానికి మించిన శక్తి కొబ్బరి నుంచే వచ్చేది. కొలెస్ట్రాల్ కొంచెం ఎక్కువే ఉన్నా గుండెజబ్బు అరుదు. న్యూజిలాండ్ వెళ్లినవాళ్లు కొబ్బరి తగ్గించి రొట్టె, పంచదార, మాంసం పెంచారు. వాళ్లకు బరువు, బీపీ, షుగరు పెరిగాయి. ఒకే రక్తం పంచుకున్న కుటుంబాలు ఇవి. జన్యువుల వాదం అంతా ఒప్పుకున్నా ఈ తేడాకు జవాబు అందులో దొరకదు.

నౌరుకు ఏం జరిగిందో తెలిస్తే ఈ మార్పు ఎలా వచ్చిందో పూర్తిగా అర్థమవుతుంది. మొత్తం 21 చదరపు కిలోమీటర్ల దీవి. జనం 12 వేల లోపు. 1900లో అక్కడి నేలలో మేలురకం ఫాస్ఫేట్ ఉందని ఆల్బర్ట్ ఎల్లిస్ అనే ఆయన కనిపెట్టాడు. కొద్ది ఏళ్లలోనే తవ్వకం మొదలైంది. అప్పుడు దీవి జర్మనీ కింద ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి ఒక కమిషన్ పెట్టుకుని ఆ ఫాస్ఫేట్‌ను తమ పొలాలకు ఎరువుగా తరలించుకున్నాయి. దీవి మధ్యభాగమంతా తవ్వేశాక మిగిలింది సున్నపురాయి మొనలు. మనిషి నడవడానికే వీల్లేని నేల. దీవిలో దాదాపు 80 శాతం ఇలా పోయింది. మొగలి చెట్లు, పక్షుల వేట, తోటలు అన్నీ ఆ నేలతోపాటే పోయాయి. జనం అంచున ఉన్న సన్నటి తీరంలో మిగిలారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పుకోవాలి. 1920ల్లో ఆస్ట్రేలియా అధికారులు నౌరులో కొబ్బరి కల్లును నిషేధించారు. తాగుడు మాన్పించాలన్నది వాళ్ల ఉద్దేశం. అప్పటికే పాలిష్ పట్టిన బియ్యం, గోధుమపిండి ఓడల్లో వస్తున్నాయి. వాటిలో బి1 విటమిన్ చాలా తక్కువ. పులిసిన కల్లులోని ఈస్ట్‌లో అది దండిగా ఉంటుంది. కల్లు ఆగిపోయేసరికి తల్లులకు ఆ విటమిన్ అందలేదు, చంటిపిల్లలు బెరిబెరితో చనిపోవడం మొదలైంది. బ్రే అనే ప్రభుత్వ వైద్యుడు కారణం పట్టుకుని తల్లులకు మళ్లీ కల్లు ఇప్పించాక మరణాలు బాగా తగ్గాయి. బయటి నుంచి బియ్యం రావడం ఒక్కటే అయితే ఇంత నష్టం జరిగేది కాదు. ఉన్న తిండిలో ఏ ముక్క ఏ లోటు పూడుస్తోందో తెలియకుండా, మంచి చేస్తున్నామనుకునే పై అధికారి దాన్ని తీసేయడం వల్ల జరిగింది. ఇదే పద్ధతి ఆ తర్వాత వేరే రూపాల్లో పసిఫిక్ అంతటా సాగింది.

నౌరు మధ్యలో బువాడా అనే చెరువు ఉంది. సముద్రపు ఒడ్డున మిల్క్‌ఫిష్ పిల్లల్ని పట్టి, ఆ చెరువులో వదిలి, కుటుంబాలవారీగా పెంచుకోవడం అక్కడి పాత అలవాటు. 1960ల మొదట్లో బయటి నుంచి తిలాపియా చేపను తెచ్చి వదిలారు. అది చెరువంతా అల్లుకుపోయి మిల్క్‌ఫిష్ పెంపకాన్ని దెబ్బతీసింది. జనం తిలాపియాను ఇష్టపడలేదు. చేప పెంచుకునే ఇళ్లు టిన్ను చేపకు అలవాటు పడ్డాయి.

1968 జనవరి 31న నౌరు స్వతంత్ర దేశమైంది. 1970కల్లా ఫాస్ఫేట్ వ్యాపారం తన చేతికి తెచ్చుకుంది. తలసరి ఆదాయంలో ప్రపంచంలోని పై వరస దేశాల్లో ఒకటైంది. మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల భవనం కట్టించింది, సొంత విమాన సంస్థ నడిపింది. తోట వేయడానికి నేల లేదు, డబ్బు మాత్రం ఉంది. ఇక తిండి మొత్తం ఆస్ట్రేలియా ఓడల నుంచే. 1975లో ఆస్ట్రేలియా వైద్యుడు పాల్ జిమ్మెట్ బృందం అక్కడికి వెళ్లి పరీక్షలు చేస్తే పెద్దవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి డయాబెటిస్ తేలింది. ఆ రోజుల్లో ప్రపంచంలో మరెక్కడా దాదాపు వినని అంకె అది.

చాలామంది నౌరు కథను డబ్బు చేసి చెడిపోయిన జనం కథగా చెబుతారు. అది అన్యాయం. 1990ల నుంచి ఫాస్ఫేట్ అయిపోయి, పెట్టుబడులు మునిగి, దేశం దివాలా అంచుకు వచ్చింది. డబ్బే జబ్బుకు కారణమైతే, డబ్బు పోయాక జబ్బు కూడా పోవాలి కదా. పోలేదు. ఎందుకంటే పాత తిండి పండించుకునే నేల తిరిగి రాలేదు. చేతిలో డబ్బు ఉన్నప్పుడు ఖరీదైన మాంసం కొన్నవాళ్లు, డబ్బు తగ్గాక తెల్ల బియ్యం, నూడుల్స్, పంచదార, చవక మాంసం కొన్నారు. ఓడ మాత్రం అదే. నేల పాడుచేసినందుకు నౌరు 1989లో ఆస్ట్రేలియా మీద అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 1993లో 10.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు రాజీ కుదిరింది. మట్టి తిరిగి పోయడం మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా ముక్కలు ముక్కలుగానే సాగుతోంది.

మార్షల్ దీవుల్లో నేలను తవ్వకం కాదు, బాంబు తీసుకుంది. 1946లో అమెరికా అణు పరీక్షల కోసం బికినీ దిబ్బ నుంచి 167 మందిని రోంగెరిక్ అనే చోటికి పంపించింది. అక్కడ తిండి చాలక ఆకలి చావుల దాకా వచ్చారు. చివరికి వాళ్లను కిలి దీవిలో పెట్టారు. కిలికి లగూన్ లేదు, అంటే అలలు తగలని లోపలి నీరు లేదు. సంవత్సరంలో చాలా కాలం పడవ దించడమే కష్టం. తరతరాలుగా లగూన్‌లో చేపలు పట్టి బతికిన జనానికి ఇక మిగిలింది అమెరికా పంపే డబ్బాలు, బియ్యం, పిండి. 1946 నుంచి 1958 దాకా ఆ దీవుల్లో 67 పరీక్షలు జరిగాయి. సొంత చెట్టు కాయను తినొచ్చో లేదో తెలియని చోట టిన్ను తిండే నమ్మకమైన తిండి అవుతుంది. అలాంటి కుటుంబానికి పోషకాహారం మీద ఉపన్యాసం ఇవ్వడం ఎంత అర్థం లేని పనో చెప్పనక్కర్లేదు.

ఇక మాంసం వ్యాపారం. టర్కీ కోడికి తోక మొదట్లో ఒక కొవ్వు ముద్ద ఉంటుంది. ఈకలకు పట్టే నూనె ఊరే గ్రంథి అక్కడే ఉంటుంది. అమెరికాలో దాన్ని కొని తినేవాళ్లు చాలా తక్కువ. పారేస్తే ఖర్చు, అమ్మితే ఎంతో కొంత లాభం. అలా రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి దశాబ్దాల్లో టర్కీ తోకలు గడ్డకట్టించిన పెట్టెల్లో సమోవా చేరాయి. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల నుంచి గొర్రె పొట్ట భాగం వచ్చింది. వ్యాపారులు దాన్ని మటన్ ఫ్లాప్ అంటారు. మాంసం కంటే కొవ్వు పొరలే ఎక్కువగా కనిపించే ముక్క అది. ధర మాత్రం రేవులో దొరికే తాజా చేప కంటే తక్కువ. ఇంట్లో పదిమంది ఉన్న తల్లి దేన్ని కొంటుంది?

గమనించాల్సిన విషయం ఇంకొకటి ఉంది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా గడ్డి భూములు అంత పచ్చగా మారింది చాలావరకు నౌరు, దాని దగ్గరి బనాబా దీవుల ఫాస్ఫేట్ ఎరువుతోనే. ఆ గడ్డి తిన్న గొర్రెల్లో మేలైన మాంసం ఐరోపాకో సొంత మార్కెట్‌కో పోయింది. ఎవరికీ అక్కర్లేని పొట్ట కొవ్వు మాత్రం ఆ దీవుల వైపు వచ్చింది. నేల సారాన్ని ఇచ్చి కొవ్వును తెచ్చుకున్నట్టయింది. ఈ లావాదేవీని ఎవరూ కూర్చుని కుట్రగా పన్నలేదు. ఎక్కడ ఏది చవకో అక్కడికి సరుకు ప్రవహించడమే వాణిజ్యం చేసే పని. అందుకే దాన్ని ఆపాల్సిన చోట ప్రభుత్వం ఆపాలి.

ఫిజీ ఆపింది. 2000లో మటన్ ఫ్లాప్ అమ్మకాన్ని నిషేధించింది. కేవలం దిగుమతిని ఆపితే విదేశీ సరుకు మీద వివక్ష అని వాణిజ్య వివాదం వస్తుంది కాబట్టి, ఎక్కడి నుంచి వచ్చినా సరే, దేశంలో పుట్టినా సరే, ఆ ముక్కను అమ్మకూడదని తెలివిగా చట్టం రాసుకుంది. న్యూజిలాండ్ అభ్యంతరం చెప్పింది కానీ నిషేధం నిలిచింది.

సమోవా 2007లో టర్కీ తోకల దిగుమతిని నిషేధించింది. అదే సమయంలో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరడానికి ప్రయత్నిస్తోంది. చేరాలంటే ఆ నిషేధం తీసేయాలని షరతు వచ్చింది. చివరికి 2012లో సభ్యత్వం దొరికింది, నిషేధం పోయింది. బదులుగా కొంతకాలం 300 శాతం సుంకం, ఆ తర్వాత 100 శాతం సుంకం పెట్టుకోవడానికి ఒప్పందంలో వీలు కల్పించారు. రెండు లక్షల జనాభా ఉన్న దేశం తన పిల్లలకు ఏ కొవ్వు ముక్క అమ్మకూడదో నిర్ణయించుకోవడానికి ప్రపంచమంతటి అనుమతి కావలసి రావడం తప్పు. దీనికి వేరే పేరు పెట్టి మెత్తగా చెప్పనవసరం లేదు. వాణిజ్య నియమాల్లో ప్రజారోగ్యానికి మినహాయింపు ఉన్న మాట నిజమే. ఆ మినహాయింపును వాదించి నెగ్గడానికి లాయర్లు, లెక్కలు, ఏళ్ల తరబడి ఓపిక కావాలి. అవి పెద్ద దేశాలకు ఉంటాయి.

అయితే సుంకాలు పనిచేస్తాయా? కొంతవరకు చేస్తాయి. నౌరు 2007లో పంచదార మీద, తీపి పానీయాల మీద 30 శాతం పన్ను వేసి, మంచినీళ్ల సీసాల మీద పన్ను తీసేసింది. టోంగా 2013లో కూల్‌డ్రింకుల మీద పన్ను మొదలుపెట్టి, ఆ తర్వాత కొవ్వు మాంసం, నూడుల్స్ దాకా విస్తరించింది. కూల్‌డ్రింకుల దిగుమతి తగ్గింది. కానీ స్థానికంగా సీసాల్లో నింపి అమ్మే పానీయాలు పెరిగాయి. పన్నులో సందు ఉంటే సరుకు అందులోంచి దూరుతుంది. పైగా నూడుల్స్ ధర పెంచి చేమదుంప ధర తగ్గించకపోతే బీదవాడి సంచి బరువు తగ్గుతుందే తప్ప తిండి మారదు. పన్ను డబ్బు తోటల మీద ఖర్చు కావాలి. ఈ రెండో సగం చాలాచోట్ల జరగలేదు.

కేవలం ప్రచారం వల్ల ఎంత అవుతుందో టోంగా రాజు నాలుగో టౌఫాఅహావు టుపౌ చూపించాడు. 1970ల్లో ఆయన బరువు 200 కిలోలు దాటి, ప్రపంచంలోనే అత్యంత బరువైన రాజుగా రికార్డులకెక్కాడు. 1990ల్లో వ్యాయామం మొదలుపెట్టి, సైకిల్ తొక్కి, పదుల కిలోలు తగ్గాడు. జనాన్నీ తగ్గమని పోటీలు పెట్టించాడు. రాజు మాటకు అంత విలువ ఉన్న దేశంలో అంతకంటే గట్టి ప్రచారం ఉండదు. అయినా దేశం మొత్తంగా బరువు పెరుగుతూనే పోయింది. రాజు తగ్గాడు కానీ మటన్ ఫ్లాప్ ధర పెరగలేదు, చేప ధర తగ్గలేదు.

జన్యువుల సంగతి కూడా తేల్చుకోవాలి. 1962లో జేమ్స్ నీల్ అనే జన్యుశాస్త్రవేత్త ఒక ఊహ చేశాడు. కరువుల్లో బతికి బయటపడ్డ జనానికి కొవ్వు దాచుకునే జన్యువులు ఉంటాయని, తిండి దండిగా దొరికిన రోజున అవే డయాబెటిస్‌కు దారి తీస్తాయని. ఎంతో దూరం పడవల్లో ప్రయాణించి దీవులు చేరిన పసిఫిక్ జనానికి ఈ ఊహ అతికినట్టు కనిపించింది. 2016లో సమోవా ప్రజల్లో సీఆర్ఈబీఆర్ఎఫ్ అనే జన్యువులో ఒక మార్పు కనిపెట్టారు. దాదాపు సగం మంది సమోవా వాళ్లలో అది ఉంది, పసిఫిక్ దీవుల జనం కాని వాళ్లలో దాదాపు లేదు. అది ఉన్నవాళ్లు కొంచెం ఎక్కువ బరువు ఉంటారు. కానీ వాళ్లకు డయాబెటిస్ వచ్చే అవకాశం తక్కువ! పాత ఊహ చెప్పినదానికి ఇది సగం ఎదురు. జన్యువు ఉంది, పనిచేస్తోంది కూడా. అయితే దాని మీదే భారం వేసి చేతులు దులుపుకునే వీలు మాత్రం లేదు.

ఈ కథలో తెలుగువాళ్లకు ఫిజీలో నేరుగా చోటుంది. 1879 నుంచి 1916 వరకు సుమారు 60 వేల మందిని చెరకు తోటల కోసం ఒప్పందపు కూలీలుగా భారతదేశం నుంచి ఫిజీకి తీసుకెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఎక్కించుకున్నారు. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాట్ జిల్లాల తెలుగువాళ్లు ఆ ఓడల్లో వెళ్లారు. తోటల్లో మొదటి నెలల్లో బియ్యం, పిండి, పప్పు రేషన్‌గా ఇచ్చి, దాని డబ్బు కూలీలోంచి కోసుకునేవాళ్లు. అంటే ఆ కుటుంబాలకు తిండి అనేది మొదటి రోజు నుంచే ఓడలో వచ్చిన సరుకు. తర్వాత వరి పండించుకున్నారు, కూరగాయలు వేశారు, చేమాకును కొబ్బరిపాలతో వండటం స్థానికుల దగ్గర నేర్చుకున్నారు. అయినా ఇంటి పునాది బియ్యం, గోధుమపిండి, నూనె, పంచదార మీదే నిలిచింది.

1980 ప్రాంతంలో ఫిజీలో డయాబెటిస్ సర్వే చేస్తే ఒక విచిత్రమైన తేడా కనిపించింది. స్థానిక ఫిజీ ప్రజల్లో పల్లెల్లో ఉన్నవాళ్లకు షుగరు చాలా తక్కువ, పట్నాల్లో ఉన్నవాళ్లకు ఎక్కువ. భారత సంతతి వాళ్లకు మాత్రం పల్లెలోనూ పట్నంలోనూ ఒకే తీరుగా ఎక్కువే. దక్షిణాసియా వాళ్లకు తక్కువ బరువులోనే షుగరు వచ్చే స్వభావం ఉండటం ఒక కారణం. స్థానిక పల్లెవాసి తోటలో దుంప తవ్వుకు తింటే, భారత సంతతి పల్లెవాసి కూడా కొట్లో కొన్న బియ్యం, పిండి తినడం మరో కారణం అయి ఉండాలి. ఆ తర్వాతి దశాబ్దాల్లో స్థానికులు కూడా అదే దారి పట్టారు. ఇప్పుడు షుగరు వల్ల కాలు తీసేయడం ఫిజీ ఆసుపత్రుల్లో మామూలు ఆపరేషన్. 1926లో నాందిలో మొదలైన దక్షిణ భారతీయుల సంగం తెలుగు, తమిళం నేర్పే బడులతో మొదలై, ఈ రోజున లంబాసాలో నర్సింగ్ కాలేజీ కూడా నడుపుతోంది. ఆ కాలేజీలో చదివి వెళ్లే నర్సులు వార్డుల్లో ఎక్కువగా చూసేది షుగరు, బీపీ రోగులనే.

జబ్బు ముదిరాక దేశం ఖర్చు ఎలా పెరుగుతుందో కూడా ఆలోచించాలి. కిడ్నీలు పాడైతే డయాలిసిస్ కావాలి. సమోవాలో 2005 దాకా ఆ సదుపాయమే లేదు, రోగులు న్యూజిలాండ్ వెళ్లాల్సిందే. ఇప్పుడు ఉంది. కానీ యంత్రం, ఫిల్టరు, గొట్టాలు, మందులు ఏవీ అక్కడ తయారు కావు. అన్నీ దిగుమతే. చవక తిండితో కుటుంబం మిగుల్చుకున్న డబ్బు కంటే చాలా ఎక్కువ ఇలా బయటికి పోతుంది. 2011లో పసిఫిక్ దేశాల నేతలు ఈ జబ్బుల్ని సంక్షోభంగా ప్రకటించింది ఊరికే కాదు.

బాగుపడిన ఉదాహరణ కావాలంటే మైక్రోనేషియాలోని పోన్‌పే దీవిని చూడాలి. అమెరికా పాలన కింద 1960ల నుంచి అక్కడి బడుల్లో అమెరికా మిగులు బియ్యం వడ్డించారు. ఒక తరం పిల్లలు అన్నమే అసలైన తిండి, దుంపలు వెనకబడినవాళ్ల తిండి అనుకుంటూ పెరిగారు. 1990ల చివర్లో చూస్తే బడి వయసు రాని పిల్లల్లో సగానికి పైగా విటమిన్ ఏ లోపం. పచ్చదనంతో నిండిన, ఏడాదంతా వాన పడే దీవిలో! మామూలుగా అయితే మాత్రలు పంచి ఊరుకుంటారు. పోషకాహార నిపుణురాలు లోయిస్ ఇంగిల్‌బర్గర్ అలా ఊరుకోలేదు. పూర్వం చంటిపిల్లలకు ఏం పెట్టేవారని పెద్దవాళ్లను అడిగింది. కరాట్ అనే అరటి పేరు చెప్పారు. పండిన ఆ అరటి గుజ్జు నారింజ రంగులో ఉంటుంది. దాన్ని పరీక్షకు పంపితే, శరీరంలో విటమిన్ ఏగా మారే బీటా కెరోటిన్ బజారులో దొరికే మామూలు అరటి కంటే ఎన్నో రెట్లు ఉందని తేలింది. పోన్‌పేలో అలాంటి అరటి రకాలు ఇంకా ఉన్నాయి. అప్పటికి కరాట్ మొక్కలు దాదాపు కనుమరుగై ఉన్నాయి.

ఆమె, స్థానికులు కలిసి చేసిన పని చాలా సాదాగా ఉంటుంది. గుజ్జు ఎంత పసుపుగా ఉంటే అంత మంచిదని రంగు చూపించి చెప్పారు. మొక్కలు పంచారు. పోస్టల్ స్టాంపుల మీద ఆ అరటిని వేయించారు. సభల్లో కూల్‌డ్రింకుకు బదులు కొబ్బరి బొండాం ఇవ్వాలని ఊళ్లతో ఒప్పించారు. అంతకుముందు బజారులో కనపడని కరాట్ గెలలు మళ్లీ అమ్మకానికి వచ్చాయి. ఇంగిల్‌బర్గర్ 2011లో చనిపోయింది. ఆ పని పోన్‌పేలో బియ్యాన్ని తరిమేసిందని ఎవరూ అనలేరు. కానీ నామోషీ పోయింది. ఇంట్లో దుంప వండితే పేదరికం అని చాటుకున్నట్టు అనుకునే చోట, అది అందరిముందూ పెట్టదగ్గ తిండి అయింది. ధరలూ సుంకాలూ చేయలేని పని ఇది.

అసలు చిక్కు మరోచోట ఉంది. చేమదుంప తవ్వి, కడిగి, చెక్కు తీసి, దురద పోయేలా ఉడికించడానికి గంటల తరబడి పని. ఆఫీసుకో చేపల ఫ్యాక్టరీకో వెళ్లి వచ్చే మహిళకు నూడుల్స్ రెండు నిమిషాలు. పాత తిండి గొప్పదనం గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది ఆ వంట ఎవరు చేస్తారో చెప్పరు. చెక్కు తీసి గడ్డకట్టించిన చేమ ముక్కలు, సీమపనస పిండి, ఆరబెట్టిన అరటి ఊరి కొట్లో నూడుల్స్ పక్కనే, నూడుల్స్ ధరకే దొరకాలి. అలాంటివి తయారుచేసే చిన్న యూనిట్లు సమోవాలో, ఫిజీలో ఉన్నాయి. అయితే వాటి సరుకులో మంచి భాగం న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో స్థిరపడ్డ పసిఫిక్ కుటుంబాలకు ఎగుమతి అవుతోంది.

పంట కూడా నిలబడాలి. 1993లో సమోవాలో చేమ ఆకుకు ఎండుతెగులు సోకి, ఒకటి రెండేళ్లలో దేశపు చేమ తోటలన్నీ దాదాపు పోయాయి. దుంప దొరక్క జనం మరింతగా బియ్యం వైపు మళ్లారు. తర్వాత విత్తన పరిశోధకులు, రైతులు కలిసి ఆసియా రకాలతో సంకరం చేసి తెగులును తట్టుకునే చేమను తయారుచేశారు. ఎగుమతులు కూడా మళ్లీ మొదలయ్యాయి. కిరిబాటి, తువాలు లాంటి దిబ్బ దీవుల్లో పెద్ద చేమను గుంటల్లో నేల కింది మంచినీటి మీద పెంచుతారు. సముద్రం ముందుకు వస్తున్నకొద్దీ ఆ గుంటల్లోకి ఉప్పు చేరుతోంది. ఆ దేశాల చుట్టూ ఉన్న ట్యూనా చేపను విదేశీ నౌకలు లైసెన్సు కట్టి పట్టుకెళ్తాయి. ఆ లైసెన్సు డబ్బే కిరిబాటి ప్రభుత్వానికి పెద్ద ఆదాయం. రేవులో దించే ఆ చేపలో కొంత భాగాన్ని స్థానిక ధరకు అమ్మాలన్న షరతు లైసెన్సుల్లో పెట్టుకోవడం సాధ్యమయ్యే పనే.

ఫిజీ రాజధాని సువాలో పసిఫిక్ దేశాల ఉమ్మడి విత్తన నిధి ఉంది. వెయ్యికి పైగా చేమ రకాల్ని అక్కడ గాజు గొట్టాల్లో చిన్న మొక్కలుగా కాపాడుతున్నారు. ఉప్పు నేలను తట్టుకునేవి, తెగులును తట్టుకునేవి వాటిలో ఉన్నాయో లేదో వెతికి, ఏ దేశం అడిగినా పంపిస్తారు. తీపి పానీయాల పన్నులో కొంత భాగాన్ని ఈ మొక్కల్ని పెంచి ఊళ్లకు చేర్చడానికి, వాటిని వండటానికి సిద్ధంగా చేసి అమ్మే యూనిట్లకు కేటాయించాలని చట్టంలోనే రాయాలి. పన్ను ఎలాగూ వసూలవుతోంది, మొక్కలూ ఉన్నాయి. ఈ రెంటినీ కలిపే ఆ ఒక్క పద్దు చాలా దీవుల బడ్జెట్లలో ఇంకా లేదు.